సంతకం పెట్టినవాళ్ళు

తిరునిన్రవూరు,
2025 జూన్ 6.

పెదనాయనకు,

జీవిత రాస్తోంది. ఇంట్లో అందరం ప్రాణాలతో ఉన్నాం. బాగున్నామని రాస్తే అబద్ధమవుతుంది.

ఉత్తరమేమిటా అని ఆశ్చర్యపోకు. అవ్వ సమాధి మీద నువ్వు సిలువ పెట్టించి మన గుట్టు బయటపెట్టావని ఆ రోజు నుంచి నాయన నీతో మాట్లాడడం లేదు. నేను ఫోన్ చేస్తే పక్క గదిలోకి వినిపిస్తుంది. ఉత్తరానికి ఆ బెంగ లేదు. ఈ ఇంట్లో అందరూ చదివేది అరవమే. సెలవుల్లో మీ ఇంటికి వస్తే చెవి మెలిపెట్టి మరీ నువ్వు దిద్దించిన తెలుగు ఇన్నాళ్ళకు ఇలా పనికొచ్చింది.

పరీక్షలో నెగ్గి జూనియర్ అసిస్టెంట్ల జాబితాలో నా పేరు వచ్చిందని సోఫియా అక్క నీకు చెప్పే ఉంటుంది. ఆ ఉద్యోగం ఇప్పుడు ఆపేశారు. నా కులం సర్టిఫికెట్‌లో 'హిందూ ఆది ఆంధ్ర' అని ఉంది కదా. మన సొంతూరు తిరుత్తణి కాబట్టి అక్కడ రెవెన్యూ ఇన్‌స్పెక్టరు విచారించాడట. 'క్రైస్తవ మతం అవలంబిస్తున్నట్టు తెలియవచ్చినది' అని రాసి పంపాడు. క్రైస్తవులైతే ఎస్సీ కాదు, బీసీ. బీసీ జాబితాలో నా మార్కులు ఏ మూలకూ రావు.

ఆ కాగితం చూపించిన గుమాస్తా ఏమన్నాడో తెలుసా? "ఏమ్మా, ఆదివారం ఏసు, ఉద్యోగానికి మురుగనా?" పక్క సీటాయన నవ్వాడు. ఆ నవ్వు దాచిపెట్టుకున్నాను, పెదనాయనా. తిరిగి ఇచ్చేస్తాను.

మా వీధి ఆనవాయితీ నీకు తెలియంది కాదు. విచారణకు ఎవరైనా వస్తున్నారంటే ఏసు క్యాలెండరు బియ్యం డ్రమ్ము వెనక్కి పోతుంది. నాలుగో ఇంటి నుంచి మురుగన్ పటం వస్తుంది. ఒకే పటం, గోడలే మారుతుంటాయి. అది ఇప్పటికి మా వీధిలో ఆరుగురికి ఉద్యోగాలు ఇప్పించింది. నాయన చర్చిలో పాల్‌రాజ్, బడి రిజిస్టరులో పళని. మీ సోఫియా ఆస్పత్రి డ్యూటీలో సింధూర. అందరికీ తెలిసిన ఈ సంగతి నా ఒక్కదాని దగ్గరకు వచ్చేసరికి నేరమైంది. జనగణమన వినిపిస్తే నేనూ లేచి నిలబడతాను కదా, ఈ దేశం నన్నెందుకు ఇలా దొంగలా నడిపిస్తుంది?

ఇన్‌స్పెక్టరుకు ఎవరో చెప్పే ఉంటారు. మీ వాకిట్లోంచి చూస్తే కనిపించే ఇల్లు సుందరరాజులుది. మామిడితోపు తరాలుగా వాళ్ళది, అవ్వ నడుము వంగింది ఆ తోపులోనే. వాళ్ళబ్బాయి శరవణన్ నాతోపాటే పరీక్ష రాసి తప్పాడు. ఇంతకన్నా రుజువు కావాలా? నిజమో కాదో కనుక్కుని ఒక్క ముక్క రాయి. మిగతాది నేను చూసుకుంటాను. శత్రువును క్షమించమనే వాక్యం మాత్రం చూపించకు. ఆ పేజీ నేనూ చదివాను.

నీ కోపిష్టి కూతురు,
జీవిత


తిరుత్తణి,
14-6-2025.

చిరంజీవి జీవితకు, ప్రభువు పేర దీవిస్తూ పెదనాయన రత్నస్వామి రాసేది.

నీ ఉత్తరం అందింది. రాత బాగుంది. కోపం వచ్చిన చోటల్లా కాగితానికి చిల్లు పడింది.

సుందరరాజులు జోలికి పోవద్దు. ఆయన అట్లాంటి మనిషి కాదు. ఎవరు చెప్పినారని ఇప్పుడు వెతికి ఏం లాభం? నీకు ఇరవై మూడేళ్ళు. బుర్ర ఉంది. మళ్ళీ పరీక్ష రాయి, బీసీలోనే కొట్టు. మిలిటరీలో మా సుబేదారు అనేవాడు, కొండ ఎక్కలేనోడే దారిని తిడతాడని.

దేశాన్ని ఒక్క మాటన్నా నాకు తగులుతుందని నీకు తెలుసు. నేను దానికి పదిహేడేళ్ళు కాపలా కాసినాను. ఆగస్టు పదిహేనుకు బడి వాళ్ళు ఈసారి కూడా నన్నే జెండా ఎగరేయమన్నారు. పోయిన ఏడాది గిలక బిగుసుకుని జెండా సగంలో ఆగిపోయింది, పిల్లలు నవ్వినారు. ఈసారి ముందు రోజే పోయి కొబ్బరినూనె వేసి వస్తాను. హెడ్‌మాస్టరుకు అట్లాంటివి తోచవు.

పళనికి ఒంట్లో ఎట్లుందో రాయి. నేను అడిగినానని చెప్పొద్దు.

రత్నస్వామి, హవల్దార్ (రిటైర్డు)


తిరునిన్రవూరు,
2025 జూలై 5.

పెదనాయనా,

నేనడిగింది వదిలేసి గిలక గురించి రాశావు. అందుకే చేయవలసింది నేనే చేసేశాను.

జూన్ ఇరవై మూడున, సోమవారం అర్జీలు తీసుకునే రోజు, తిరువళ్ళూరు కలెక్టరాఫీసులో నిలబడ్డాను. సుందరరాజులు పశువుల కొట్టం వాగు పోరంబోకులో ఉంది. అందులో అబద్ధం లేదు. సర్వే పటంలో వాగు ఆ కొట్టం నడిమధ్యనుంచే పోతుంది. నా పేరు, నా సంతకంతోనే ఇచ్చాను. ఆకాశరామన్న వేషం నాకొద్దు. మొన్న మంగళవారం జేసీబీ వచ్చి అరగంటలో నేలమట్టం చేసిందట. ఆ వేళ అన్నం రుచిగా తిన్నాను.

మళ్ళీ రాయమన్నావు. ఎన్నిసార్లు రాసినా ఆ పేరా మారదు. నువ్వు కాపలా కాసిన దేశం గురించి ఒక తేదీ చెబుతాను విను: 1950 ఆగస్టు పది. రాజ్యాంగం అమలులోకి వచ్చి ఏడు నెలలు నిండలేదు. రాష్ట్రపతి ఉత్తర్వు, మూడో పేరా. హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్థుడు కాడు. 1956లో సిక్కులను చేర్చుకున్నారు, 1990లో బౌద్ధులను చేర్చుకున్నారు. మనం ఇంకా వాకిట్లోనే ఉన్నాం.

అవ్వ చర్చికి పోవడం మొదలుపెట్టాక సుందరరాజులు వాళ్ళమ్మ ఆమె చేతికి చెంబు ఇచ్చిందా? చచ్చేదాకా దోసిట్లోకి ఎత్తి పోసింది. ఊరికి మనం ఎప్పుడూ మారలేదు, కాగితానికే మారిపోయాం. ఆగస్టు పదిహేనున పిల్లలకు మిఠాయి పంచే ముందు ఆ మూడో పేరా చదివి వినిపించు. నీ జెండా బిగుసుకుపోయేది గిలక దగ్గర కాదు.

నాయనకు మోకాళ్ళ నొప్పి. నువ్వు అడిగావని చెప్పాను. నేను చెప్పిందల్లా వినే మనిషిని కాదని నీకు తెలుసుగా.

జీవిత


తిరుత్తణి,
12-7-2025.

చిరంజీవి జీవితకు, ప్రభువు పేర పెదనాయన రాసేది.

కొట్టం పడేటప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఐదు ఆవులు ఎండలో నిలబడి ఉన్నాయి. సుందరరాజులు తాటాకులు ఏరుకుంటూ, "మిలిటరీ, ఎవురో గిట్టనోళ్ళు పెట్టినారప్పా అర్జీ. యాడ పోయి చెప్పుకునేది?" అని నన్నే అడిగినాడు. నీ ఉత్తరం వచ్చేదాకా ఆ గిట్టనోళ్ళు మనమేనని నాకు తెలియదు.

జరిగింది రాస్తాను. చదివినాక ఏమైనా అనుకో.

మే నెలలో ఇన్‌స్పెక్టరు వచ్చినాడు. నేను మాజీ సైనికుల మీటింగు నుంచి అప్పుడే వచ్చి కోటు కూడా విప్పలేదు, మెడల్స్ రొమ్ము మీదే ఉన్నాయి. సుందరరాజులు నాకన్నా ముందే వాకిట్లో నిలబడి చెబుతున్నాడు. "వీళ్ళా? మావోళ్ళే సార్. ఆడికృత్తిక పండగొస్తే మురుగనికి కావడెత్తకుండా ఉండరు. వాళ్ళమ్మ మా తోపులోనే పొంగలి పెట్టేది." అమ్మ ఏనాడూ పెట్టలేదు. ఆయన మనకోసం అంత అబద్ధం ఆడినాడు.

ఇన్‌స్పెక్టరు కూడా మంచివాడే. పెన్ను తీసి, "అంతే కదా సార్? ఊ అనండి, రాసేసుకుంటాను" అన్నాడు.

ఊ అంటే అయిపోయేది. నలభై ఏళ్ళుగా అంటూ వచ్చిన మాటే. ఆ రోజు నోరు రాలేదు. "కాదు. మూడు తరాలుగా క్రైస్తవులం" అన్నాను. సుందరరాజులు తల పట్టుకున్నాడు.

చెప్పింది నేను, జీవితా. పోయిన ఉత్తరంలోనే రాయవలసింది. దానికి ధైర్యం చాలలేదు.

రత్నస్వామి


తిరునిన్రవూరు,
2025 జూలై 17.

రత్నస్వామి గారికి,

పెదనాయనా అని రాయడానికి చెయ్యి రావడం లేదు. మీరు అంటాను. ఆఫీసుల్లో అపరిచితులను అలాగే అంటారు.

మీకు సత్యం చెప్పాలనిపించింది. బాగుంది. దానికి ఖర్చయింది మీదేదీ కాదు, నాది. మూడేళ్ళు పొద్దున్నే అరక్కోణం రైల్లో నిలబడి చదువుకున్న పుస్తకాలు, నాయన మానుకున్న మోకాలి ఆపరేషను, అన్నీ ఒక్క 'కాదు'లో పోయాయి. పైగా ఒక నిరపరాధి కొట్టం నా చేత కూలగొట్టించారు. మీరు నెల ముందు ఒక్క వాక్యం రాసి ఉంటే ఆ ఆవులు నీడలో ఉండేవి.

మిలిటరీ నుంచి వచ్చాక మీకు ప్రభుత్వ గోడౌన్‌లో గుమాస్తా ఉద్యోగం ఎలా వచ్చింది? ఆ రోజు నోరు బాగానే వచ్చిందే. సోఫియా అక్క సింధూర అయిన రోజు మెడల్స్ ఎక్కడ పెట్టారు? మీ పిల్ల గట్టెక్కాక ఇంకొకరి పిల్ల దగ్గర మీకు నీతి పుట్టింది.

మీ సర్వీసు రిజిస్టరు మొదటి పేజీ నకలు నా దగ్గరుంది. మతం: హిందూ. కింద మీ సంతకం.

ఆగస్టు పదకొండున తిరుత్తణి డివిజన్ ఆఫీసులో నా విచారణ. పదో తేదీ ఆదివారమైపోయింది, లేకపోతే ఆ ఉత్తర్వుకు డెబ్బై ఐదేళ్ళ పండుగ నా ఫైలు మీదే జరిగేది. మీరు రావాలి. కోటు వేసుకుని, మెడల్స్ పెట్టుకుని, నుదుట విభూతి పెట్టుకుని రావాలి. మేము హిందువులమని, ముసలితనంతో మతి తప్పి అలా వాగానని అందరి ముందూ చెప్పి సంతకం పెట్టాలి. రాకపోతే పన్నెండో తేదీన ఆ నకలు ఒకటి మీ పెన్షన్ ఆఫీసుకు, ఒకటి సింధూర గారి ఆస్పత్రికి వెళ్తుంది.

మీ మాట మీద మీకెంత గర్వమో నాకు తెలుసు. దాన్నే అడుగుతున్నాను.

జీవిత


తిరుత్తణి,
25-7-2025.

జీవితకు, ప్రభువు పేర.

ఆర్డరు అందింది. వస్తాను.

ఆ రిజిస్టరు పదేళ్ళ కిందటి వరదలో గోడౌన్ ఆఫీసుతో సహా నానిపోయింది. ఉన్న ఒక్క నకలు నా ట్రంకు పెట్టెలో ఉంది. నీ దగ్గర ఏమీ లేదు, మ్మే. అయినా వస్తాను. సోఫియా గురించి నువ్వు అన్నది నిజమే.

ఆ రోజు నోరు ఎందుకు రాలేదో మాత్రం చెబుతాను. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. 88లో మేము శాంతిసేనగా సముద్రం అవతల ఉన్నాం. అరవం తెలుసని నన్ను దుబాసీగా వాడుకున్నారు. ఒక ఇంటి ముందర నిలబడి, ఇంటాయనను విచారణకు పంపమని చెప్పమన్నారు. బడిపంతులాయన. ఆయన భార్య నన్ను చూసి, "తంబీ, నువ్వు మన భాష మాట్లాడతా ఉన్నావే, నిజం చెప్పు, తిరిగి పంపిస్తారా?" అంది. సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తాడక్కా అన్నాను. నాకేం తెలుసు? చెప్పమన్నారు, చెప్పినాను. నా మాట నమ్మి ఆమే ఆయనకు చొక్కా తెచ్చి ఇచ్చింది. తెల్లారి మమ్మల్ని వేరే చోటికి మార్చినారు. ఆయన ఇంటికి చేరినాడో లేదో ఇప్పటికీ నాకు తెలియదు.

తిరిగి మద్రాసు రేవులో దిగితే రాష్ట్రం తరఫున పలకరించేవాళ్ళు లేరు. కోపం రాలేదు. నేనైనా పలకరించేవాణ్ణి కాదు అనుకున్నాను.

దేశం కోసం చెప్పిన ఆ మాటకే ఈ మెడల్ ఇచ్చినట్టు ఉంటుంది నాకు. అది రొమ్ము మీద ఉండగా ఇంకొక అబద్ధం ఆడలేకపోయినాను. నువ్వేమో అది పెట్టుకునే ఆడమంటున్నావు. సరే.

రత్నస్వామి


తిరునిన్రవూరు,
2025 ఆగస్టు 12.

పెదనాయనా,

మళ్ళీ నువ్వు అంటున్నాను. క్షమించినట్టు కాదు. మీరు అని రాస్తుంటే ఎవరికో రాస్తున్నట్టుంది.

నిన్న నువ్వు చూడని సంగతులు రాస్తాను. నేను గుమ్మం పక్కనే నిలబడ్డాను. నువ్వు లోపలికి రాగానే బంట్రోతు డఫేదారు లేచి సెల్యూట్ చేయబోయి, నుదుటి మీది విభూతి చూసి అయోమయంగా చెయ్యి దించుకున్నాడు. "మతి తప్పి వాగాను సార్" అని నువ్వన్నప్పుడు టైపిస్టు అమ్మాయి వేళ్ళు ఆగాయి. అధికారి మళ్ళీ చెప్పమన్నాడు, వినపడలేదని. మళ్ళీ చెప్పావు. రెండోసారి గట్టిగా, పరేడ్‌లో చెప్పినట్టు చెప్పావు. నేను కోరుకున్నది అదే. కళ్ళారా చూశాను. ఆనందం వస్తుందని ఎదురుచూశాను కూడా.

"మీ అమ్మగారిని మిషన్ సమాధుల్లో ఎందుకు పెట్టారు?" అని ఆయన అడిగితే, "ఊరి శ్మశానంలో మావోళ్ళకు చోటియ్యరు సార్. ఇప్పటికీ ఇయ్యరు" అన్నావు. ఆ గదిలో నిన్న వినబడిన ఒకే ఒక్క నిజం అది. అధికారి సుందరరాజులు వైపు చూశాడు. ఆయన తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. ఆ తర్వాత అధికారి ఇంకో ప్రశ్న వేయకుండా ఫైలు మూసేశాడు.

ఆయన సాక్ష్యానికి వస్తాడని నేననుకోలేదు. అర్జీ మీద నా పేరు చదివే వచ్చాడు. మెట్ల దగ్గర ఆపి, "ఏమ్మే, ఈ తూరి జేసీబీని యాడ నిలిపినావు?" అన్నాడు. క్షమించమని కాళ్ళ మీద పడబోయాను. "ల్యాల్యా, వద్దు. మీ అవ్వ మా పిల్లోళ్ళను ఎత్తుకొని పెంచింది. దానికోసరం వచ్చినాను. నీ మొకం చూసి కాదు" అనేసి పోయాడు. చెంబు ఇవ్వని ఇల్లే. మరి ఈ మనిషిని ఎలా ద్వేషించాలో నాకు చేతకావడం లేదు.

సర్టిఫికెట్ చెల్లుతుందని ఉత్తర్వు ఇచ్చారు. గెలిచాను. బయటికొచ్చి చూస్తే నువ్వు విభూతి తుడుచుకోకుండానే బస్సెక్కేశావు. కిటికీలోంచి ఒక్కసారైనా చూస్తావనుకున్నాను.

జీవిత


తిరుత్తణి,
8-9-2025.

జీవితకు, పెదనాయన రాసేది.

దీవెన ఎవరి పేర రాయాలో తెలియక వదిలేసినాను.

పదిహేనో తేదీ జెండా ఎగరేసినాను. గిలక బాగా తిరిగింది. నువ్వు చెప్పిన పేరా చదవలేదు. పిల్లలకు మిఠాయి మీదే ధ్యాస, మండుటెండ. కానీ సెల్యూట్ చేస్తుంటే చెయ్యి బరువెక్కింది. మొదటిసారి.

సోఫియా నీకు ఫోన్ చేసి ఏడ్చిందని విన్నాను. అది చెప్పింది నిజమే. ఆదివారాలు నేను చర్చి లోపలికి పోవడం లేదు. ఎదురుగా టీ అంగడి బెంచీ ఉంది కదా, దాని మీద కూర్చుంటున్నాను. పాటలు అక్కడికి వినిపిస్తాయి. పాస్టరయ్య మొదటి వారమే వచ్చినాడు.

"ఏం మిలిటరీ, లోపలికి రావా?"

"సర్కారుకు హిందువునని రాసిచ్చినాను అయ్యా. సంతకం పెట్టి లోపలికొస్తే నేను మోసం చేసేది సర్కారునా, దేవుణ్ణా?"

"అందరూ రాసిచ్చినోళ్ళే కదయ్యా" అన్నాడు మెల్లగా.

"అది వాళ్ళిష్టం. నేను సంతకం పెడితే దానికి కట్టుబడతాను" అన్నాను.

ఆడవాళ్ళు మిలిటరీకి ఎండదెబ్బ తగిలిందని నవ్వుకుంటున్నారు. నవ్వనీ. ప్రభు భోజనం ఇచ్చిన రోజు రొట్టెముక్క ద్రాక్షరసంలో అద్ది సోఫియా రుమాల్లో దాచి తెచ్చి ఇయ్యబోయింది. కోప్పడినాను.

నీకు శిక్ష వేయడానికి కాదు ఇది. నా మాట నేను నిజం చేసుకుంటున్నాను, అంతే.

ఉద్యోగంలో ఎప్పుడు చేరేది రాయి.

రత్నస్వామి


తిరునిన్రవూరు,
2025 నవంబరు 12.

పెదనాయనా,

శిక్ష కాదంటావు. ఇంతకన్నా పెద్ద శిక్ష నాకు ఎవరూ వేయలేదు. నన్ను మించిన పగ నీది. ఒప్పుకుంటున్నాను.

పోయిన వారం సోమవారం ఉద్యోగంలో చేరాను. రాజ్యాంగానికి విధేయంగా ఉంటానని చెయ్యి చాచి ప్రమాణం చేయించారు. తడబడకుండా చదివాను. వదలను కూడా. ఆ కుర్చీలో ముప్పై అయిదేళ్ళు కూర్చుంటాను. నన్ను వేసింది ఆ ఆఫీసులోనే, ఆ రోజు నవ్విన పక్క సీటాయన రోజూ నా ఎదురుగా ఫైళ్ళు మోయాలి. ఉద్యోగం వదులుకునేంత మంచితనం నాకు లేదు.

చేరానని నోటితో చెబుదామని మొన్న ఆదివారం తిరుత్తణి వచ్చాను. దగ్గరికి రాలేకపోయాను. మందుల షాపు పక్కన నిలబడి చూశాను. కోటు వేసుకుని, నిటారుగా, రైలు కోసం కాచుకున్నవాడిలా కూర్చున్నావు. లోపల పాట మొదలైతే నీ పెదాలు కదిలాయి, గొంతు మాత్రం బయటికి రాలేదు. పాట అయ్యేదాకా నీ టీ అలాగే ఉంది.

అప్పుడు చర్చి మెట్ల మీద విడిచిన చెప్పులు చూశాను. చిన్నప్పటి నుంచి తెలిసిన కుటుంబాలు. ఎవరెవరు ఏ ఆఫీసులో ఏ పేరుతో ఉన్నారో వేళ్ళ మీద చెప్పగలను. ఆ చెప్పుల్లో సగానికి పైగా కాగితం మీద హిందువులవే. వాళ్ళందరూ నీలాగా సంతకానికి కట్టుబడితే లోపల పాస్టరయ్యా, కీబోర్డు వాయించే అభినయా మిగులుతారు.

అదే చూపించాలి, పెదనాయనా. ఇన్నాళ్ళూ నేను పట్టుకుని కొట్టినవాళ్ళంతా మనవాళ్ళే. కొట్టం పోయినాయన, నువ్వు, సోఫియా అక్క. ఆ మూడో పేరాకు మాత్రం గీత కూడా పడలేదు. వచ్చే ఆదివారం నేనొచ్చి నీ పక్కన కూర్చుంటాను. సోఫియా అక్కకు చెప్పాను, గంటసేపు ఏడ్చి, సరే అంది. నాయనకు నీ ఉత్తరాలన్నీ అరవంలో చదివి వినిపించాను. సముద్రం అవతలి ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాడు. తర్వాత, "ఆ మిలిటరీ నాయాలు ఎండలో కూసోనుంటే నేను లోపల పాట పాడేదా?" అన్నాడు. మోకాళ్ళకు కట్టు కట్టుకుని వస్తాడు. నీతో మాట్లాడతాడని మాట ఇవ్వలేను. పక్కన కూర్చుంటాడు.

మా వీధిలో పటం పెట్టి ఉద్యోగాలు తెచ్చుకున్న ఆ ఆరుగురినీ కలిశాను. నలుగురు వస్తామన్నారు. మీ చర్చి వాళ్ళతో సోఫియా అక్క మాట్లాడుతోంది. మన ఇన్‌స్పెక్టరు గారికీ కబురు పెడతాను. వచ్చి చూసి రాసుకోమను, వీళ్ళు లోపల ఉన్నారో, బయట ఉన్నారో.

టీ అంగడి బెంచీ మీద నలుగురికే చోటు. అంగడాయనతో ఇప్పుడే మాట్లాడి కుర్చీలు తెప్పించు. ఎన్ని అని అడిగితే, లెక్క తెలియదని చెప్పు.

జీవిత